ఊదా బారా

మా నుమాయిష్ అర్రలో గోడకు కట్టిన చెరుకు మోపు బొమ్మ జంఖానా ఎవరు నేశారని ఎవరైనా అడిగితే, చాలా ఏండ్లు నేను నోరు విప్పలేదు. నేనే నేశానని ఎన్నడూ చెప్పలేదు. పక్కనున్నవాళ్ళు నన్ను చూపిస్తే కాదని కూడా అనలేదు. అబద్ధమైతే ఆడలేదు కదా అని నన్ను నేను సముదాయించుకుంటూ వచ్చాను. నిజానికి ఒకే ఒక్కరోజు, నలుగురి ముందు, నేను ఒక మాట అనాల్సి ఉండింది. ఆ మాట అనకుండా నవ్వాను. ఆ అర్రకు వచ్చేవాళ్ళు ఇన్నేండ్లూ తప్పు మనిషిని మెచ్చుకొని పోయారు కాబట్టి ఇది రాస్తున్నాను.

నిజామాబాద్‌లో గంజ్ వెనక సందులో ఒక పాత పసుపు గోదాం ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా నేతపనివాళ్ళ సంఘం దాన్ని కిరాయికి తీసుకుంది. ఇంట్లో మగ్గానికి జాగ లేనివాళ్ళు, అసలు మగ్గమే లేనివాళ్ళు అక్కడికి వచ్చి నేసుకోవచ్చు. ఒక దిక్కు చీరల గుంటమగ్గాలు, ఇంకో దిక్కు జంఖానాలు నేసే పెద్ద చట్రం. గోడలకు ఎన్నిసార్లు సున్నం కొట్టినా వారం తిరగకముందే లోపలి పసుపు పైకి తేలేది. వానాకాలం వస్తే గోదాం అంతా పసుపు వాసన. మా దగ్గర చీర కొంటే మొదటిసారి ఉతికేదాకా ఆ వాసన పోయేది కాదు. పెండ్లి బట్టలకు అది మంచిదని ఏర్గట్ల దిక్కు రైతులు వెతుక్కుంటూ వచ్చి కొనేవాళ్ళు. వాళ్ళ పసుపే తిరిగి వాళ్ళింటికి పోయేది.

సంఘానికి పెద్ద ఒక ముసలాయన. అందరం పెదబాపు అనేవాళ్ళం. ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. "బట్టను మడత పెట్టి అల్మారాల పెడితే ఎవలు సూస్తరు? ముందర అర్ర ఖాళీగనే ఉన్నది గద. గోడలకు కడదాం. కొనకున్నా సరే, వచ్చి సూసి పోతరు" అన్నాడు. అట్లా ముందర గదిని బట్టలు చూపించే చోటుగా మార్చాం. దాన్ని మేం నుమాయిష్ అర్ర అన్నాం. గంజ్‌లో సరుకు అమ్ముకున్నవాళ్ళు, దెగ్లూర్ నుండి వచ్చిన మరాఠీ బేరగాళ్ళు, రైలుకు ఇంకా టైముందని తిరిగేవాళ్ళు లోపలికి తొంగిచూసేవాళ్ళు. కొత్తలో జనానికి అది నవ్వులాట. మాక్లూర్ నుండి వచ్చిన ఒక అవ్వ గోడకు కట్టిన పట్టెల జంఖానాను కిందినుంచి మీదిదాక చూసి, "గోడ మీద పరిస్తే ఎట్ల కూసుంటరు బిడ్డా? బల్లులకా ఇది?" అని అడిగింది. ఆ రోజంతా మేం జంఖానాను బల్లుల జంఖానా అనే అన్నాం.

నేను చీరల మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ణి. పెండ్లి కాకముందు, జంఖానా నేర్చుకుందామని ఆ చట్రం ముందు కూర్చున్నాను. నాకు నేర్పింది ఆపా. ఉర్దూలో అక్కను అట్లా అంటారు. ఆమె బోధన్ మనిషి. వాళ్ళ నాయనకు కొడుకులు లేరని జంఖానా పని బిడ్డకు నేర్పిండట. భర్త పోయాక నిజామాబాద్‌కు, అన్న ఇంటికి వచ్చింది. మొదట్లో ఒక ఆడమనిషి మగవాళ్ళ పక్కన బల్ల మీద కూర్చోవడమేమిటని సందులో కొందరు గొణిగారు. ఆమె తలమీది ముసుగు సర్దుకొని గుమ్మంలోకి వచ్చి, "నేను కూసోను. మరి నా పిల్లలకు పొద్దుమాపు రొట్టెలు మీరొచ్చి చేస్తరా? ఎవలెవలొస్తరో చెప్పుండ్రి, పిండి తడిపి పెడుత" అని అడిగింది. ఆ గొణుగుడు అంతటితో ఆగింది.

ఆపా చేతికి ఎంత పని వచ్చో నోటికి అంత గొప్పలు వచ్చు. ఏదో ఒక నవాబు కూర్చున్న జంఖానా వాళ్ళ నాయన నేసిందేనట. ఖిల్లా గోడ మీది రాళ్ళలో సగం వాళ్ళ తాత మోసినవేనట. బోధన్ శక్కర్ ఫ్యాక్టరీ భోంగా, అంటే సైరన్, వాళ్ళింటి కోడి కూసినంకనే మోగుతుందట. "కోడి కూయకుంటే?" అని గుంటమగ్గం మీద నుండి ఒక అన్న అడిగేవాడు. ఎవరినైనా ఆటపట్టించడమే ఆయనకు పని. "కూయకుంటే ఫ్యాక్టరీ బందు. ఒకసారి జ్వరమొచ్చి కూయలే, ఆ రోజు శక్కరే రాలే" అనేది ఆపా, కండ్లు కూడా ఆర్పకుండా. మేం పడి పడి నవ్వేవాళ్ళం. ఆమె చెప్పే మాటల్లో నిజమెంతో ఎవరం పట్టించుకోలేదు. ఆమె మాటంటే నవ్వడానికని అందరికీ అలవాటైపోయింది. తర్వాత జరిగినదానికి ఆ అలవాటే కారణమని కొన్నాళ్ళు అనుకున్నాను. అది సగమే నిజం.

జంఖానా ఎట్లా నేస్తారో కొంచెం చెప్పాలి. అది వెడల్పుగా ఉంటుంది, ఒక్కరి చేతులు రెండు అంచులకూ అందవు. బల్ల మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. కుడి సగం ఒకరిది, ఎడమ సగం ఇంకొకరిది. ఇద్దరూ నడిమి నుండి మొదలుపెట్టి తమ తమ అంచు దిక్కు పోతారు. రెండు దిక్కులా పువ్వు ఒకే తీరుగా రావాలంటే ఒకరు పిలవాలి, ఒకరు వినాలి. "ఊదా మూడు" అని పిలుపు వస్తే మూడు పోగుల మీద ఊదారంగు నూలు పోనిచ్చి "హాఁ" అనాలి. హాఁ వినబడితేనే తర్వాతి పిలుపు. వరుస అయిపోయాక ఇనుప పంజాతో నూలును కిందికి కొట్టి బిగించాలి. పంజా అంటే పులిగోళ్ళలాంటి పండ్లున్న దువ్వెన. కాగితం మీద బొమ్మ గీసుకోవడం మా దగ్గర లేదు. బొమ్మంతా పిలిచేవాళ్ళ తలకాయలో ఉంటుంది. వినేవాడికి తాను ఏం నేస్తున్నాడో సగం దాకా తెలియను కూడా తెలియదు.

పిలుపు గాలిలో పోతుంది. బట్ట మీద మిగిలేది గుర్తు ఒక్కటే. ఆఖరి పట్టె మూలలో, పిలిచినవాళ్ళు తమ గుర్తు వేలెడంత నేస్తారు, తర్వాత బట్టను మగ్గం నుండి కోస్తారు. ఆపా గుర్తు ఎర్ర మిరపకాయ. నాకు మా నాయన తువ్వాళ్ళ మీద వేసే మూడు గీతలు ఉండేవి, కానీ జంఖానా మీద వేసే వంతు ఇంకా రాలేదు. నేను వినేవాణ్ణి.

ఒక చెరుకు సీజన్‌లో ఆపా బోధన్ పోయి వచ్చింది. వచ్చీ రాగానే బల్ల మీద కూర్చుంటూ మొదలుపెట్టింది.

"తమ్మీ, నిన్న బస్సు ఎడపల్లి కాడ చెరుకుబండ్ల నడుమ ఇరుక్కపోయింది. అందరు డ్రైవర్‌ను తిట్టుడే. నేనొక్కదాన్నే తిట్టలే."

"ఎందుకాపా, నీకు తిట్లు రావా?"

"నాకు రాని తిట్టు ఇంకా పుట్టలే. గని నేను మోపులు సూసుకుంట కూసున్న. కోసిన మొదళ్ళు మన దిక్కే ఉంటయి గద. సుట్టూ ఊదా, నడుమ తెలుపు. ఒక్కొక్క బండికి ఎన్ని కండ్లురా అవి! అన్నీ నన్నే సూసినయి." కొంచెం ఆగి, "ఇయ్యాల పట్టెలు వద్దు. అవే నేస్తం" అంది.

ఆ చలికాలం అంత హాయిగా నేను పని చేసిన కాలం ఇంకొకటి లేదు. పొద్దున్నే గోదాం తలుపులు తీస్తే ఎండ నేరుగా మగ్గం మీద పడేది. ఆమె పిలుపులో ఒక ఊపు ఉండేది. రంగులు తెలుగులో, లెక్క ఎక్కువసార్లు తెలుగులో, జోరు మీదుంటే ఉర్దూలో. "తెలుపు రెండు, హాఁ. ఊదా దో, హాఁ." గుంటమగ్గాల చప్పుడు కూడా ఆ పిలుపుకు తగ్గట్టే నడిచేది. ఆటపట్టించే అన్న అప్పుడప్పుడు తన మగ్గం మీద నుండే మధ్యలో "హాఁ" అని అరిచేవాడు. "నువ్వు నోరు మూసుకొని నీ చీర నెయ్యి, నాకు హాఁ అనెటోడు ఉన్నడు" అనేది ఆపా. ఆ మాట వింటే నాకు గర్వంగా ఉండేది.

ఒకరోజు నా మనసు మగ్గం మీద లేదు. ముందురోజే మాక్లూర్ పోయి పిల్లను చూసి వచ్చాం. ఆ పిల్ల చాయ్ ఇస్తూ ఒకసారి తలెత్తిందా లేదా అన్నది నేను తేల్చుకుంటున్నాను. అప్పుడు ఆపా పిలిచింది.

"ఊదా బారా!"

"హాఁ" అన్నాను.

బారా అంటే ఉర్దూలో పన్నెండని నాకు తెలియక కాదు. ఉర్దూ బడిలోనే చదివాను. కానీ అప్పటిదాకా ఆమె పిలిచినవన్నీ చిన్న లెక్కలు. మా ఇంట్లో పుట్టినప్పటి నుండి బట్టను కొలిచేది మూరలతో, బారలతో. బార అంటే రెండు చేతులూ చాపినంత. నేను ఊదారంగు నూలు పట్టుకొని నడిమి నుండి ఎడమ అంచు దాకా పోతూనే ఉన్నాను. ఒకే పిలుపు కొన్ని వరుసలకు నడుస్తుంది, ఆ వరుసలన్నీ అట్లాగే నింపి, పంజాతో బాగా బిగించి కొట్టాను కూడా.

ఆపా తల తిప్పి చూసింది. "అరే, ఏం చేసినవురా?"

"నువ్వే గద బార అన్నవు" అని రెండు చేతులూ చాపి చూపించాను.

ఆమె నవ్వు ఆపుకోలేక పంజా కింద పడేసింది. "బారా అంటే పన్నెండురా! రేపు నీ పెండ్లాం బారా రొట్టెలు తెమ్మంటే బారెడు రొట్టె మోసుకొస్తవా? పాపం ఆ పిల్ల!"

"విప్పుత ఆపా" అని నూలు కొస వెతికాను.

"ఆగు." ఆమె కొంచెం వెనక్కి జరిగి కన్ను చిట్లించి చూసింది. "మోపు కట్టాలంటే తాడు వద్దా? ఇగో, నువ్వే తెచ్చినవు." అని తన దిక్కు కూడా ఊదా పట్టెను కుడి అంచు దాకా లాగేసింది. నిజంగానే అది మోపు చుట్టూ బిగించి కట్టిన తాడు అయింది. తర్వాత ఆ జంఖానాను చూసినవాళ్ళందరూ మొదట మెచ్చుకున్నది ఆ తాడునే.

ఇంకా జానెడు పని మిగిలి ఉండగా బోధన్ నుండి కబురు వచ్చింది, ఆపా పెద్దబిడ్డకు నొప్పులు మొదలైనయని. ఆమె వెంటనే బయల్దేరింది. పోతూ పోతూ, "మిగిలింది ఉత్త అంచే. పిలుపు అక్కర్లేదు, నువ్వే కానియ్యి" అంది. నేను కానిచ్చాను. ఇంతలో పట్నం నుండి పెద్దమనుషులు నుమాయిష్ అర్ర చూడ్డానికి వస్తున్నారని, వచ్చేలోగా మోపు గోడ మీద ఉండాలని పెదబాపు తొందరపెట్టాడు. పదిమందికి జంఖానా పని నేర్పే మాస్టర్‌ను ఒకరిని పెట్టుకోవాలన్న మాట కూడా అప్పుడే నడుస్తోంది.

ఆఖరి పట్టె దగ్గరికి వచ్చాను. ఎర్రనూలు ఉండ బల్ల మీద నా ఎదురుగానే ఉంది. మిరపకాయ ఎట్లా నేయాలో నాకు బాగా తెలుసు. నా చేతులు వాటంతట అవే పోయాయని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, అట్లా జరగలేదు. కొంతసేపు కూర్చొని ఆలోచించే చేశాను. ఆపాకు చాలా జంఖానాల మీద మిరపకాయలున్నాయి, ఒక్కటి తగ్గితే ఏమవుతుంది అనుకున్నాను. మూడు గీతలు నేసి, బట్ట కోశాను.

వచ్చినవాళ్ళు తాడు దగ్గర ఆగి మురిసిపోయారు. ఎవరు నేశారని అడిగారు. పెదబాపు మూల మీద గుర్తు చూసి నా భుజం మీద చేయి వేశాడు. ఆయన తప్పేమీ లేదు, మా ఆచారం ప్రకారం అది నాదే. ఆపా పిలుపులు అందరూ విన్నవే గానీ, ఏ పిలుపు ఏ జంఖానాదో గుంటమగ్గాల మీదివాళ్ళకు తెలియదు, గుర్తునే నమ్మేవాళ్ళు. నేను తల వంచుకుంటే వినయమనుకున్నారు. ఆ నెలలోనే నేను మాస్టర్‌ని అయ్యాను.

బిడ్డకు పురుడు అయ్యాక ఆపా తిరిగి వచ్చింది. మనవడు పుట్టిండని చెరుకుగడలు, బెల్లం ముద్ద పట్టుకొని నేరుగా నుమాయిష్ అర్రలోకి వచ్చింది. మేమంతా అక్కడ నిలబడి చాయ్ తాగుతున్నాం.

"అరే, నా మోపు గోడెక్కింది!" అంది సంబరంగా.

"నీదా?" అన్నాడు ఆటపట్టించే అన్న. "ఇంకేమున్నది. ఖిల్లా మీదే, భోంగా మీదే, ఇప్పుడు మాస్టర్ జంఖానా కూడ మీదేనాయె!"

అందరూ గొల్లుమన్నారు. ఆపా కూడా నవ్వుతూనే దగ్గరికి పోయి మూల చూసింది. మూడు గీతలు చూసి నవ్వు ఆపింది.

"నవ్వకుండ్రి. నేను పిలిచిన, వీడు హాఁ అన్నడు. అడుగుండ్రి వీణ్ని."

అందరూ నా దిక్కు చూశారు. ఆ చలికాలమంతా ఆమె పిలిచిన ప్రతి పిలుపుకూ హాఁ అన్నవాణ్ణి. ఇదొక్కదానికి అనలేదు. చాయ్ గ్లాసు పట్టుకొని, ఆపా గొప్పలు అందరికీ తెలిసినవే కదా అన్నట్టు నవ్వాను. దాంతో అందరూ ఇంకోసారి నవ్వారు. ఆపా నన్నొకసారి చూసి, చెరుకుగడలు గోడకు ఆనించి, "సరే మాస్టర్ సాబ్. బెల్లమైతే తినుండ్రి, ఇది కూడ నేనే పండించిన" అంది.

కోపం పట్టే మనిషి కాదు ఆమె. తెల్లారి యథాప్రకారం బల్ల మీద నా పక్కన కూర్చుంది. నేను పిలుపు కోసం చూశాను. "ఇగ నువ్వు పిలువు. మాస్టర్‌వి గద" అంది. నాకు పట్టెలు తప్ప ఏమీ పిలవరాదు. ఎరుపు, నలుపు, తెలుపు అని పిలిచాను. ఆమె ప్రతిదానికీ చక్కగా హాఁ అంది. ఆ తర్వాత కొన్నేండ్లు మేం పట్టెల జంఖానాలే నేశాం. అవి బాగా అమ్ముడుపోయాయి. కొత్త బొమ్మ మాత్రం ఆ చట్రం మీద ఇంకోటి పుట్టలేదు.

అయినా అవి చెడ్డ ఏండ్లు కావు. మాక్లూర్ పిల్లతోనే నా పెండ్లి అయింది. ఆపా మా ఇంటికి వచ్చి, "నీకు బారెడు రొట్టె తెచ్చిండా ఇంకా?" అని నా భార్యను అడిగి, అర్థం చెప్పకుండా నవ్వుకుంటూ పోయింది. ఆపా చిన్నబిడ్డ పెండ్లికి బోధన్‌లో పందిరి నిండా మా పట్టెలే పరిచాం, నేతపనివాళ్ళమంతా వాటి మీదే కూర్చొని బిర్యానీ తిన్నాం. చూపు తగ్గాక ఆమె పెద్దబిడ్డ దగ్గరికి బోధన్ వెళ్ళిపోయింది. నేను పదిమందికి పని నేర్పుతూ ఉండిపోయాను. నేర్పేది పట్టెలు, ఆ తర్వాత మోపు. గోడ మీది మోపును చూసి గళ్ళు లెక్కబెట్టి నేనే పిలిచేవాణ్ణి.

పోయిన చెరుకు సీజన్‌లో, పని నేర్చుకుంటున్న ఒక అమ్మాయి గోడ మీది మోపు చూస్తూ మామూలుగా అడిగింది. "ఒకలు పిలువాలె, ఒకలు వినాలె అంటరు గద మాస్టర్. ఇది నేసినప్పుడు మీ పక్కన కూసొని విన్నదెవలు?"

నా పక్కన కూర్చొని విన్నది ఎవరూ లేరు, విన్నది నేనే. తెల్లారి బోధన్ బస్సు ఎక్కాను. ఎడపల్లి దాటుతుంటే చెరుకురసం కాగే వాసన కిటికీల్లోంచి లోపలికి వచ్చింది.

ఆపా వాకిట్లో మనవలను అదిలిస్తూ కూర్చుంది. "నుమాయిష్ అర్రకు రావాలె ఆపా" అన్నాను.

"ఎందుకు? నేను లేకుంటే గోడలు కూలుతున్నయా?"

"కూలుతున్నయి."

"నాకు ముందే తెలుసు. ఎల్లుండి వస్త పో" అంది ముసుగు సర్దుకుంటూ.

ఆమె వచ్చే రోజు పొద్దున మోపును గోడ నుండి దించి, మూల మీది మూడు గీతలను సూదితో ఒక్కొక్క పోగూ విప్పేశాను. చాయ్ వేళకు పాతవాళ్ళందరినీ పిలిచాను. పెదబాపు అప్పటికి లేడు. ఆటపట్టించే అన్నకు పండ్లు ఊడిపోయాయి గానీ నోరు తగ్గలేదు. ఆపాను చూడగానే, "ఏం ఆపా, భోంగా బాగున్నదా?" అన్నాడు.

మోపును కింద పరిచి ఆపాను దాని మీద కూర్చోబెట్టాను. నేర్చుకునే పిల్లలు చుట్టూ నిలబడ్డారు. తాడు మీద చేయి పెట్టి, మాక్లూర్ పిల్ల ముచ్చట నుండి మొదలుపెట్టి ఊదా బారా దాకా అంతా చెప్పాను. రెండు చేతులూ చాపి ఎట్లా నేశానో చూపించాను. అందరూ విరగబడి నవ్వారు. ఈసారి నన్ను చూసి నవ్వారు. విన్నదెవలని అడిగిన అమ్మాయి అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆటపట్టించే అన్న నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగి, కింద పరిచిన మోపు దిక్కు, తర్వాత ఆపా దిక్కు చూశాడు. "అంటే ఆపా చెప్పింది నిజమేనా?" అన్నాడు మెల్లగా.

"నేనెప్పుడు అబద్ధం చెప్పిన?" అంది ఆపా. "కోడి ముచ్చట కూడ నిజమే."

నవ్వులు తగ్గాయి. ఎర్రనూలు ఎక్కించిన సూదిని, ఆమె మిరపకాయ కోసం ఖాళీ చేసిన మూలను ఆమె చేతికి అందించి ఎదురుగా కూర్చున్నాను.

"ఆపా, ఆ రోజు ఇదే అర్రల నువ్వు అందరి ముందట నన్ను అడుగుమన్నవు. నువ్వు పిలిచినవు, నేను విన్న. హాఁ అనాల్సింది. నవ్విన. తప్పైంది ఆపా, నన్ను మాఫ్ చెయ్యి."